‘ఇవి మాటలే కదా’ అన్న మాస్టారికి ఏమని చెప్పాలి?

ప్రశ్న: నేను బరంపురంలో పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం గాని, చదువంతా ఒడియాలో సాగింది. తెలుగు కూడబలుక్కుని చదవగలను. పాటలు మాత్రం ఒడియా లిపిలోనే రాసుకుంటాను. మా నాన్నగారు సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తారు, ఏడాదికొకసారి ఇంటికి వస్తారు. ఆయన ప్రయాణం మీద ఒక పాట కట్టి గిటారుతో పాడుతున్నాను. పల్లవి ఇది:

సూరత్ బండి వచ్చింది నాన్నా
నీ చొక్కా ఇంకా ఆరలేదు

చరణం ఒకటే:

అమ్మ అటుకులే మూట కట్టింది
గుండెల నిండా కన్నీరుంది

మొత్తం 2 నిమిషాలు కూడా రాదు. గిటారు మీద కార్డులు (కలిపి మోగించే స్వరాలు) తక్కువయ్యాయేమోనని కూడా సందేహంగా ఉంది. నాకు కీబోర్డు నేర్పిన మాస్టారు విని, “ఇందులో సాహిత్యం ఏముంది బాబూ, ఇవి మాటలే కదా” అన్నారు. ఆయన సలహా మీద “అనంత విరహ వేదనా తరంగమై, నిరంతరం నీ స్మృతి సాగరంలో” అంటూ మరో చరణం చేర్చాను. విశాఖపట్నంలో ఒక స్టూడియోలో వేణువు, వయొలిన్లు, కోరస్ పెట్టి రికార్డు చేయించాలని ఉంది. అందుకు అప్పు చేయాలి. నా స్నేహితులు మాత్రం మొదటి రూపమే బాగుందంటున్నారు. తేలిక మాటలతో, కొద్దిలో రాయడం నా చేతకానితనమా? 2 నిమిషాలు లేనిదాన్ని పాట అనవచ్చునా?
– బరంపురం నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ముందుగా మీ చివరి రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పేస్తాను. మీది చేతకానితనం కాదు. మీరు రాసింది పాటే. కొత్తగా చేర్చిన చరణాన్ని తీసివేయండి, అప్పు ఆలోచన మానుకోండి. అయితే మొదటి రూపం కూడా లోపం లేనిదేమీ కాదు. మీ స్నేహితులు ఆ మాట చెప్పలేదు గనుక నేను చెప్పవలసి వస్తున్నది.

పల్లవి సంగతి చూద్దాం. ఒక పాదంలో బండి వచ్చేసింది, రెండో పాదంలో చొక్కా ఇంకా తీగ మీదే ఉంది. వెళ్లవలసిన గడియ వచ్చినా ఇల్లు మాత్రం ఆయనను పంపడానికి సిద్ధంగా లేదన్న సంగతి ఆ తడి చొక్కా చెబుతున్నది. ప్రేమ, బెంగ, దూరం అన్న మాటల్లో ఒక్కటైనా ఇందులో లేదు, అయినా ఆ మూడూ వినిపిస్తున్నాయి. మీ గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాలకు మనుషులు తరతరాలుగా వెళ్తూనే ఉన్నారు. మీ వీధిలో ఈ రెండు పాదాలు విని ఎవరినో ఒకరిని తలచుకోని ఇల్లు ఉండకపోవచ్చు. మీరు లెక్క వేసి రాశారో, చెవి నడిపించినట్టు రాశారో తెలియదు గాని, రెండు పాదాలకూ సరిగ్గా పదహారేసి మాత్రలు (మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికే కాలం) వచ్చాయి. అందుకే నాలుగేసి మాత్రల చతురశ్ర గతి మీద అవి అతుకు లేకుండా కూర్చున్నాయి. మొదటి పాదం ‘నాన్నా’ అన్న దీర్ఘం మీద ఆగుతున్నది గనుక గొంతు ఎంతసేపు కావాలంటే అంతసేపు దాన్ని పట్టుకోవచ్చు. రెండో పాదం ‘ఆరలేదు’ అన్న హ్రస్వం మీద టక్కున తెగుతున్నది గనుక అక్కడ సాగదీయడం కుదరదు, మౌనమే దిక్కు. పిలుపు సాగి, దాని తరువాతి మాట తెగడం ఈ పాటకు ప్రాణమని నా అభిప్రాయం. సాహిత్యం ఏముందని మాస్టారు అడిగారు కదా, అది ఇక్కడే ఉంది.

ఇక చేర్చిన చరణం. అందులో సంస్కృత పదాలున్నాయన్నది నా అభ్యంతరం కాదు. మీరు ఒడియాలో చదువుకున్నారు గనుక ఘుమ్‌సర్ రాజవంశీయుడైన ఉపేంద్ర భంజ పేరు మీకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. ఆయన ‘బైదేహీశ బిలాస’ కావ్యంలో ప్రతి పాదమూ బ-కారంతోనే మొదలవుతుంది. అంత అలంకారాన్ని అంత పొడవునా నిలబెట్టిన కవి పుట్టిన జిల్లాలో కూర్చుని, ఆడంబరమైన రచన అంతా తప్పని ఎవరూ అనలేరు. ఆయన అలంకారానికి ఒక కట్టుబాటు ఉంది, ఒక పని ఉంది. మీ చరణంలోని అలంకారానికి ఆ రెండూ లేవు. అందులో సూరత్ లేదు, రైలు లేదు, నాన్న కూడా లేడు. ఆ రెండు పాదాలను ఊడదీసి ఏ ప్రేమగీతంలో అతికించినా అతుక్కుంటాయి. అసలు అక్కడే బాగా అతుక్కుంటాయి, ఎందుకంటే ‘విరహం’ అన్నది మన కావ్య సంప్రదాయంలో నాయికా నాయకుల మధ్య మాట, లేదా భక్తుడు తనను నాయికగా భావించుకుని దేవుడితో అనే మాట. కొడుకు తండ్రిని తలచుకుని బెంగపడవచ్చు గాని విరహపడడు. పెద్ద మాట వేయబోయి పాటలోని మనుషుల వరుసలే తారుమారు చేశారన్నమాట. పైగా ‘నిరంతరం’ అన్న మాటను సాగదీసి చూడండి: చివరి సున్నా దగ్గర పెదవులు మూసుకుపోయి రాగం కాస్తా మూలుగవుతుంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగియడం పాడేవాడికి వరం, దాన్ని మీరు చేజేతులా వదులుకున్నారు.

మీ మొదటి చరణంలో ఉన్న లోపం వేరే రకమైనది. ‘అమ్మ అటుకులే మూట కట్టింది’ అన్న పాదంలో ఆ ఒక్క ఏ-కారం ఇంటి పరిస్థితినంతా చెప్పేసింది. అంతకు మించి కట్టివ్వడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదని వినేవాడికి తెలిసిపోయింది. వెంటనే మీరు ‘గుండెల నిండా కన్నీరుంది’ అన్నారు. వినేవాడి కళ్లలో తిరగవలసిన నీటిని మీరే ముందు తెచ్చి పాటలో పోసేశారు, ఇక అతనికి మిగిలిన పనేమిటి? కొద్దిలో రాసేవారికి ఎదురయ్యే మొదటి ప్రమాదం ఇదే. చూపించిన దానిని మళ్లీ వివరించడం పెద్ద పాటలో ఏదో ఒక మూల కలిసిపోతుంది, నాలుగు పాదాల పాటలో మాత్రం పావు వంతు పాట వృథా అవుతుంది. అందువల్ల సరళంగా రాస్తే చాలు, మంచి పాట అయిపోతుందన్న మాటను నమ్మకండి. ‘గుండె’, ‘కన్నీరు’, ‘ప్రాణం’ కూడా తేలిక మాటలే, కాని వాటిని ఇప్పటికే అందరూ వాడేసి అరగదీశారు.

రెండో ప్రమాదం, పాట ఉన్నచోటనే ఉండిపోవడం. పల్లవిలో బండి వచ్చింది, చరణంలో మూట కట్టారు, మళ్లీ పల్లవిలో బండి వచ్చింది. కాలం కదలలేదు. మాస్టారికి ఏదో తక్కువైందని అనిపించడానికి అసలు కారణం ఇదేనని నేను అనుకుంటున్నాను; ఆయనకు తోచిన వెలితి నిజమైనదే, దానికి చెప్పిన మందు మాత్రం సరైనది కాదు. ఇక్కడ కావలసింది బరువైన మాట కాదు, కొంత కదలిక. వాడుకొమ్మని కాదు గాని, నేననే కదలిక ఎటువంటిదో తెలియడానికి రెండు పాదాలు రాస్తున్నాను:

చొక్కా ఆరే వేళకు నాన్నా
నీ బండి పలాస దాటేసింది

ఇందులో కొత్త వస్తువేదీ తేలేదు. పల్లవిలో ఉన్న చొక్కా, బండీ మాత్రమే ఉన్నాయి. మాత్రలు మళ్లీ పదహారే. కాలం మాత్రం కొన్ని గంటలు ముందుకు జరిగింది, అంతే. ఇప్పుడు పల్లవికి తిరిగి వెళ్లి ‘ఇంకా ఆరలేదు’ అని పాడితే, అది జరుగుతున్న సంగతి కాక గుర్తుకు తెచ్చుకుంటున్న సంగతి అవుతుంది. ఒక్క అక్షరం మార్చకుండా పల్లవికి రెండో అర్థం వస్తున్నది చూడండి. పల్లవి తిరిగి వచ్చిన ప్రతిసారీ దాని వెనుక ఉన్న సందర్భం కొద్దిగానైనా మారాలి. అలా మారేటట్టు చరణం రాయగలిగితే పాట ఎంత చిన్నదైనా చాలుతుంది.

చిన్నగా చెప్పడం మనకు కొత్త కాదు. తప్పెటగుళ్లు మీరు చూసే ఉంటారు; శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాకారులు రొమ్మున రేకు తప్పెట కట్టుకుని, వాయిస్తూ, గెంతుతూ పాడుతారు. అంత ఆటలో పొడవైన పాదం పాడాలంటే ఊపిరి చాలదు, అందువల్ల అక్కడ పాదం పొట్టిగా ఉండక తప్పదు. ఊడుపు పాటల్లో ఒకామె అన్న పాదాన్ని మిగిలినవారు అందుకుంటారు; తరువాతి పాదంలో తరచుగా ఒకటి రెండు మాటలే మారుతాయి, ఎందుకంటే వంగి నాట్లు వేస్తున్నవారు ఒక్కసారి వినగానే తిరిగి అనగలగాలి. వేమన ఆటవెలదులకు నాలుగు పాదాలున్నా, చివరిది మకుటానికి పోతుంది. చెప్పదలచినదంతా మిగిలిన మూడింటిలోనే సర్దాలి. గ్రామఫోన్ కాలంలో నిమిషానికి 78 చుట్లు తిరిగే 10 అంగుళాల రికార్డు ఒక్కో వైపున సుమారు 3 నిమిషాలే పట్టేది గనుక, పాట నిడివి ఆ కొలతకు కుదించుకుంది. ఊపిరి, చేతిలోని పని, ఛందస్సు, యంత్రం – ఏదో ఒక హద్దు ఎప్పుడూ పాటను కుదిస్తూనే వచ్చింది, ఆ ఇరుకులోనే జనం నోట నిలిచే పాదాలు పుట్టాయి. మీకున్న హద్దు ఒక గొంతు, ఒక గిటారు. దాన్ని లేమిగా భావించవలసిన పని లేదు.

మీ తెలుగు గురించి. బడిలో తెలుగు నేర్చుకోలేదు గనుక మీకు పెద్ద మాటలు రావన్న బెరుకు ఉత్తరమంతా కనబడుతున్నది. మాస్టారి మాటకు అంత త్వరగా లొంగిపోవడానికి కారణం కూడా అదేనేమో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటు చేరాయి. ఆ తరువాత అక్కడి తెలుగు ప్రధానంగా ఇళ్లలో, బజారులో, పనిపాటల్లో నిలిచింది. ఆ ఇంటి తెలుగే మీ పెట్టుబడి. వాడుక భాషే రాతకు తగునని వాదించి నిలిచిన గిడుగు రామమూర్తి పంతులు ఉపాధ్యాయుడిగా ఏళ్ల తరబడి పనిచేసింది మీకు దగ్గరలోని పర్లాకిమిడిలోనే. మీ అమ్మగారు స్టేషనుకు వెళ్లే ముందు ఏ మాట అంటారో, ఏ మాట మింగేస్తారో మీకు తెలిసినట్టు నిఘంటువుకు తెలియదు. మీ ఇంట్లో ఒడియా మాట సహజంగా కలిసిపోతే పాటలోనూ కలవనివ్వండి, అందంగా ఉంటుందని మాత్రం బలవంతాన చొప్పించకండి.

ఒడియా లిపిలో రాసుకోవడంలో ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ లిపిలో ఎ, ఏలకు వేరు వేరు అక్షరాలు లేవు. ఒ, ఓలకూ అంతే. ‘నెల’ అన్నా ‘నేల’ అన్నా మీ పుస్తకంలో ఒకేలా కనిపిస్తాయి. నాన్న డబ్బు పంపే నెల గురించి రాసుకున్నది ఆరు నెలల తరువాత తీసి పాడేసరికి నేల అయిపోవచ్చు. అర్థంతోపాటు ఒక మాత్ర పెరిగి పాదం కూడా జారుతుంది. తాత్కాలికంగా ఆ దీర్ఘాల పక్కన ఒక గీత పెట్టుకోండి. వీలు చూసుకుని తెలుగు గుణింతాలు గట్టిగా నేర్చుకోండి. మరో సంగతి: అమ్మ, నాన్న, వాన, గాలి, ఊరు, చెట్టు, చెరువు, పాట – మనం రోజూ వాడే ఇటువంటి మాటల్లో చాలా వాటికి మూడేసి మాత్రలుంటాయి. అవి త్రిశ్ర గతిలో వాటంతటవే నడుస్తాయి. ఈసారి పాట కట్టేటప్పుడు ముందుగా గిటారు మీద తాళం ఎంచుకుని అందులో మాటలు కుక్కే బదులు, మాటలను పదిసార్లు మామూలుగా పలికి అవి ఏ నడక నడుస్తున్నాయో వినండి.

విశాఖపట్నం స్టూడియో విషయంలో నా అభ్యంతరం డబ్బు ఒక్కటే కాదు. మాటల్లోని హల్లులు చెవికి స్పష్టంగా అందేది ముఖ్యంగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) ప్రాంతంలో. వయొలిన్లు, వేణువు పైస్థాయి, కోరస్, గట్టిగా మీటిన గిటారు కూడా అక్కడే గుమిగూడతాయి. ఒకదానినొకటి కప్పేస్తాయి, అప్పుడు మిక్సింగు చేసేవారు గొంతును పైకి లాగవలసి వస్తుంది, ఆ పైన వాద్యాలు పలచబడినట్టనిపించి మరేదో చేరుస్తారు. మీ పాటలో బలమంతా రెండు పాదాల్లోని మాటల్లో ఉంది. ఆ మాటలే వినబడకపోతే వినేవాడికి మిగిలేది ఏముంది? ‘ఆరలేదు’ తరువాత వచ్చే మౌనాన్ని ఏ వాద్యగాడూ ఖాళీగా వదలడు, అక్కడ తప్పకుండా ఒక వేణువు బిట్టు పడుతుంది. అది ఎంత బాగున్నా పాటకు నష్టమే. (మీ ఊరి అమ్మవారి ఉత్సవం ఠాకురాణి యాత్ర రోజుల్లో వీధి మైకుల హోరు విన్నవారికి, అన్నీ ఒకేసారి మోగితే ఏదీ వినబడదని వేరే చెప్పాలా?)

ఇంట్లోనే రికార్డు చేయండి. ఫ్యాను ఆపి, బండ్ల రద్దీ తగ్గిన రాత్రివేళ, వెనుక దూది పరుపో బొంతో నిలబెట్టి, మైకును నోటికి జానెడు దూరంలో, నేరుగా కాక కొంచెం పక్కకు పెట్టుకోండి. ‘బండి’, ‘పలాస’ వంటి మాటల దగ్గర పెదవుల గాలి మైకును కొట్టకుండా ఉంటుంది. కండెన్సర్ మైకు ఎరువు దొరికితే అది పనిచేయడానికి సాధారణంగా 48 వోల్టుల సరఫరా ఇచ్చే ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె) కూడా కావాలని మరచిపోకండి. గిటారును పాదం నడుస్తున్నంతసేపూ వేళ్లతో మెల్లగా మీటండి, పాదం ముగిశాక కావాలంటే కాస్త గట్టిగా మీటండి. రెండు మూడు కార్డులు చాలు. మీరు ఉత్తరంలో కార్డులు తక్కువయ్యాయేమోనని కూడా సందేహం రాశారు. నాలుగోది ఎందుకు కావాలో మీకు మీరే చెప్పుకోలేనంతవరకు దాని జోలికి పోకండి.

అప్పు తీరే దారి ఈ పాటలో నాకు కనబడలేదు. పాటలు వినే ఆన్‌లైన్ వేదిక స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే ఒక వినికిడిగా లెక్కవేస్తారు. 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1000 వినికిళ్లు లేని పాట రాయల్టీ లెక్కలోకే రాదు. ఆ 1000 దాటినా వచ్చేది స్వల్పమే. ఒక్క పాటకు పెట్టదలచిన డబ్బు మీ చేతిలో ఉంటే, దానితో ఒక మంచి మైకు కొనుక్కుని పది పాటలు చేసుకోవడం నయం. ఆ 30 సెకన్ల లెక్క చూసి పాటను ఎడాపెడా కత్తిరించే వారూ ఉన్నారు, పొడవైన వాద్య ప్రవేశం తీసేసి నేరుగా గొంతుతో మొదలుపెట్టే వారూ ఉన్నారు. మొదటిది అనవసరం, రెండోది మీ పాటకు ఎలాగూ పనికివస్తుంది: గిటారు ఒక ఆవృతం (తాళం ఒక చుట్టు) మాత్రం మోగించి ‘సూరత్ బండి’ అందుకోండి.

మాస్టారితో తగవు పెట్టుకోవద్దు. తాళం నిలకడ, శ్రుతి శుద్ధి ఆయన దగ్గర నేర్చుకోవలసినవి మీకు ఇంకా ఉన్నాయి. నాలుగు వాద్యాల చాటున దాగే అపశ్రుతి ఒంటరి గిటారు పక్కన దాగదు గనుక, ఇటువంటి పాట పాడేవారికి ఆ శిక్షణ మరింత అవసరం. సవరించిన పాటను వాద్యమేదీ లేకుండా ఒకసారి ఆయన ఎదుట పాడండి, సాహిత్యం ఊసు ఎత్తకండి. అలాగే ఈ పాట ఇదివరకు విననివారు ఇద్దరు ముగ్గురికి ఒక్కసారే వినిపించి, మర్నాడు ఏ పాదం గుర్తుందో అడగండి. పల్లవి చెబితే సరే. అటుకుల మూట చెబితే ఇంకా మంచిది. బాణీ మాత్రం కూనిరాగం తీసి మాటలు గుర్తు లేవంటే, మీ బాణీ మాటలను మింగేస్తున్నదని గ్రహించి కొన్ని గమకాలు (స్వరాన్ని ఊపే మెలికలు) తగ్గించుకోండి.

నిడివి గురించి మళ్లీ అడిగే అవకాశం ఇవ్వకుండా చెబుతున్నాను: కన్నీటి పాదం తీసి, అక్కడ మీ ఇంట్లో నిజంగా జరిగిన మరొక చిన్న సంగతి పెట్టి, కాలం కదిలే రెండో చరణం ఒకటి మీ మాటల్లో రాసి పాడితే పాట 2 నిమిషాలకు అటూ ఇటూ వస్తుంది. అంత చాలు. నాన్నగారు తిరిగి వచ్చినప్పుడు ఆ చొక్కా సంగతి ఆయన ఏమన్నా అంటే, అది మూడో చరణం కావచ్చు; ఏమీ అనకపోతే రెండు చరణాలతోనే విడుదల చేయండి.